సోర్సు కోడ్ ఫైళ్ల పేర్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు: నియమం ఏర్పరచుకోవడం నుంచి పాత పేర్లు మార్చడం దాకా

రాసినవారి ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము సర్వరుకు చేరగానే "మాడ్యూల్ దొరకలేదు" అంటూ ఆగిపోతుంది. వెళ్లి చూస్తే ఫైల్ అక్కడే ఉంటుంది, పేరు కూడా సరిగానే కనిపిస్తుంది. చాలాసేపు వెతికాక తేలేదేమిటంటే, ఫైల్ పేరులో మొదటి అక్షరం పెద్దది, దాన్ని పిలిచిన వాక్యంలో అదే అక్షరం చిన్నది. ఈ తప్పును నేను ఒకటి కంటే ఎక్కువ ప్రాజెక్టుల్లో చూశాను. అది ఒకరి అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు అనిపించిన సందర్భాలు తక్కువ. పేర్లు ఎలా పెట్టాలో ఎవరూ ముందుగా తేల్చుకోకపోవడమే దాదాపు ప్రతిసారీ కారణం.

పేర్ల నియమం మంచిదో కాదో తేల్చడానికి నేను ఒక పరీక్ష పెడతాను. ఫైల్‌లో ఏముందో మాటల్లో చెబితే, ఆ మాటలు విన్న ఇద్దరు వేర్వేరు చోట్ల కూర్చుని రాసినా అక్షరం పొల్లుపోకుండా ఒకే పేరు రావాలి. రెండు పేర్లు రావడానికి వీలుందంటే నియమంలో ఎక్కడో ఖాళీ ఉందని అర్థం. కింది అడుగులన్నీ ఆ ఖాళీలను ఒక్కొక్కటిగా పూడ్చడానికే.

ముందుగా ఒక మాట. తెలుగు లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేదు. రోమన్ లిపిలో ఉన్న ఆ తేడాను ఈ వ్యాసంలో అక్షరభేదం అంటాను. ఉదాహరణకు తీసుకున్న పేర్లను తెలుగులోనే రాసి, ఏ అక్షరం పెద్దదో, ఏది చిన్నదో మాటల్లో చెబుతాను.

మొదటి అడుగు: ఫైల్ సిస్టమ్ పేరును ఎలా పోలుస్తుందో తెలుసుకోండి

మనిషికి పెద్ద ఎ, చిన్న ఎ ఒకే అక్షరానికి రెండు రూపాలు. కంప్యూటర్‌కు అవి రెండు సంఖ్యలు. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఆస్కీ పట్టికలో పెద్ద ఎ సంఖ్య 65, చిన్న ఎ సంఖ్య 97. మిగిలిన 25 అక్షరాలకూ ఇదే 32 తేడా వర్తిస్తుంది, అంటే రెండు రూపాల మధ్య ఉన్నది ఒక్క బిట్. ఆ బిట్‌ను లెక్కలోకి తీసుకోవాలా, వదిలేయాలా అన్న విషయంలో, ఫైళ్లను డిస్కు మీద నిల్వచేసి వెతికిపెట్టే ఫైల్ సిస్టమ్‌లు తలా ఒక దారి పట్టాయి.

లినక్స్‌లో సాధారణంగా వాడే ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్‌లు పేరును బైట్ల వరుసగానే చూస్తాయి. కాబట్టి ఒకే ఫోల్డర్‌లో పెద్ద యు తో ఒక యూజర్ ఫైల్, చిన్న యు తో మరో యూజర్ ఫైల్ ఇబ్బంది లేకుండా ఉండగలవు. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌ఓఎస్‌లో 2017 నుంచి వాడుకలో ఉన్న ఏపీఎఫ్‌ఎస్ మాత్రం మామూలు అమరికలో మధ్యేమార్గం అనుసరిస్తాయి: మనం రాసిన పేరును రాసినట్లే దాచుకుంటాయి, వెతికేటప్పుడు మాత్రం పెద్దచిన్నల తేడా పట్టించుకోవు. ఇబ్బంది అంతా ఈ మధ్యేమార్గంలోనే ఉంది. పాత డాస్ రోజుల్లో ఫైల్ పేర్లన్నీ పెద్దక్షరాలుగానే నిల్వ అయ్యేవి, కాబట్టి తప్పుడు నమ్మకానికి ఆస్కారం ఉండేది కాదు. ఇప్పుడు మన కంటికి తేడా కనిపిస్తుంది, యంత్రానికి కనిపించదు.

ఈ విభజన కూడా గట్టి గీత కాదు. విండోస్ 10లో 2018 నాటి 1803 విడుదల నుంచి ఒక్కో ఫోల్డర్‌కు విడిగా అక్షరభేదం పాటించే అమరిక పెట్టుకోవచ్చు. లినక్స్ కెర్నెల్ (ఆ సిస్టమ్‌కు కీలకమైన లోపలి భాగం) 5.2 నుంచి, దానికి తగినట్లు సిద్ధం చేసిన ఈఎక్స్‌టీ4లో, ఖాళీ ఫోల్డర్‌కు అక్షరభేదం పట్టించుకోని గుణం ఇవ్వవచ్చు. మ్యాక్‌లో తేడా చూడని ఏపీఎఫ్‌ఎస్ ఐఫోన్‌లో తేడా చూస్తుంది. అందుకే మ్యాక్‌లోని సిమ్యులేటర్‌లో కనిపించిన బొమ్మ అసలు ఫోన్‌లో కనిపించకుండా పోవడం యాప్‌లు రాసేవారికి పరిచితమైన అనుభవం. కాబట్టి "మా జట్టంతా ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్‌నే వాడుతుంది" అన్న భరోసాతో నియమం రాసుకోకండి.

రెండు రకాల ప్రమాదాలు ఇక్కడ పుడతాయి, వాటిని కలిపి చూడకూడదు. ఒకటి, ఫైల్ పేరుకూ దాన్ని పిలిచిన తీరుకూ పొంతన లేకపోవడం. ఇది మ్యాక్‌లో, విండోస్‌లో దాగి ఉండి లినక్స్‌లో బయటపడుతుంది. రెండోది, అక్షరభేదం తప్ప మరే తేడా లేని రెండు పేర్లు ఒకే ఫోల్డర్‌లో ఉండటం. ఇది లినక్స్‌లో దాగి ఉండి మిగిలిన రెండింటిలో బయటపడుతుంది. రెండో దానికి పేరుమోసిన ఉదాహరణ లినక్స్ కెర్నెల్ సోర్సులోనే ఉంది. అందులోని నెట్‌ఫిల్టర్ విభాగంలో ఎక్స్‌టీ_డీఎస్‌సీపీ అనే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకదానిలో డీఎస్‌సీపీ పెద్దక్షరాల్లో, మరోదానిలో చిన్నక్షరాల్లో ఉంటుంది. నెట్‌వర్క్ ప్యాకెట్‌ను మార్చే కోడ్‌కు పెద్దక్షరాలు, ప్యాకెట్‌ను సరిపోల్చి చూసే కోడ్‌కు చిన్నక్షరాలు అన్నది వారు పెట్టుకున్న సంకేతం. లినక్స్‌లో అది ముచ్చటైన పద్ధతే. అదే రిపాజిటరీని (ప్రాజెక్టు ఫైళ్లూ, వాటి మార్పుల చరిత్రా ఉండే నిల్వను) మామూలు మ్యాక్‌లోకి దించుకుంటే రెండు ఫైళ్లలో ఒకటే డిస్కు మీద మిగులుతుంది, మనం ఏ మార్పూ చేయకముందే ఆ చరిత్రను చూసుకునే గిట్ అనే పరికరం కొన్ని ఫైళ్లు మారాయని చెబుతుంది. పర్ల్ భాషకు చెందిన వెబ్ లైబ్రరీ ఒకప్పుడు పెద్దక్షరాల్లో హెడ్ అనే ఆదేశాన్ని స్థాపించేది. మ్యాక్‌లో అది చిన్నక్షరాల్లో ఉండే పాత హెడ్ ఆదేశాన్ని తుడిచిపెట్టి దాని చోటులో కూర్చునేది.

గో భాష పరికరాలు ఈ చిక్కును ముందే ఊహించి ఒక ఉపాయం పన్నాయి. దించుకున్న మాడ్యూళ్లను నిల్వచేసే ఫోల్డర్‌లో పెద్దక్షరం వచ్చిన ప్రతిచోటా ఆశ్చర్యార్థకం గుర్తు వేసి, దాని పక్కన అదే అక్షరాన్ని చిన్నదిగా రాస్తాయి. చూడటానికి వికారంగా ఉన్నా, ఏ ఫైల్ సిస్టమ్‌లోనూ రెండు పేర్లు ఢీకొనవు.

రెండో అడుగు: శైలుల పేర్లు ఒకసారి సరిచూసుకోండి

చాలామందికి తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. యూజర్, ప్రొఫైల్ అనే రెండు మాటలను ఖాళీ లేకుండా కలిపి, ప్రతి మాట తొలి అక్షరాన్ని పెద్దదిగా రాస్తే అది పాస్కల్ కేస్. మొదటి మాటను పూర్తిగా చిన్నక్షరాల్లో ఉంచి రెండో మాట నుంచి తొలి అక్షరం పెద్దది చేస్తే క్యామెల్ కేస్. అన్నీ చిన్నక్షరాలుగా రాసి నడుమ అండర్‌స్కోర్ పెట్టి యూజర్_ప్రొఫైల్ అంటే స్నేక్ కేస్, హైఫన్ పెట్టి యూజర్-ప్రొఫైల్ అంటే కబాబ్ కేస్. ఏ గుర్తూ లేకుండా చిన్నక్షరాలను కలిపి రాయడం అయిదో పద్ధతి; దీనికి స్థిరమైన పేరు లేదు, రెండు మాటలు దాటితే చదవడమూ కష్టమే.

మూడో అడుగు: మీ భాష ఆజ్ఞాపిస్తున్నదేమిటి, సలహా ఇస్తున్నదేమిటి?

నియమం రాయబోయే ముందు ఈ రెండింటినీ వేరుచేయాలి. కొన్ని భాషల్లో ఫైల్ పేరు కేవలం పేరు కాదు, అది ప్రోగ్రాములో భాగం; అక్కడ అభిరుచికి తావు లేదు.

జావాలో పబ్లిక్ క్లాస్ ఉన్న ఫైల్‌కు ఆ క్లాస్ పేరే ఉండాలని జావాసీ కంపైలర్ (కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాము) పట్టుబడుతుంది. క్లాసులకు పాస్కల్ కేస్ వాడతారు కాబట్టి ఫైళ్లకూ అదే వస్తుంది. ఒకే ప్యాకేజీలో అక్షరభేదం మాత్రమే ఉన్న రెండు క్లాసులు పెడితే, కంపైల్ అయ్యాక వచ్చే క్లాస్ ఫైళ్లు మ్యాక్‌లో, విండోస్‌లో ఒకదాని మీద ఒకటి పడతాయని కూడా గుర్తుంచుకోవాలి. హాస్కెల్‌లో మాడ్యూల్ పేరు పెద్దక్షరంతో మొదలవుతుంది. చుక్కలతో విడగొట్టిన ఆ పేరే ఫోల్డర్ల దారిగా మారుతుంది.

పీహెచ్‌పీ వారికి చిక్కు మరింత ఎక్కువ. ఆ భాష దృష్టిలో క్లాస్ పేరుకు అక్షరభేదం లేదు, కానీ పీఎస్‌ఆర్-4 అనే ప్రామాణిక నియమం ప్రకారం క్లాస్ పేరు నుంచి ఫైల్ దారిని కట్టే ఆటోలోడర్‌కు ఆ తేడా ఉంది. క్లాస్ పేరును ఒక అక్షరం తప్పుగా రాస్తే, ఆ క్లాస్ అప్పటికే మరెక్కడో లోడ్ అయి ఉన్న సందర్భంలో ప్రోగ్రాము నడుస్తుంది, మొదటిసారి లోడ్ కావలసిన సందర్భంలో లినక్స్ సర్వరు మీద ఆగిపోతుంది. ఒకసారి వచ్చి ఒకసారి రాని తప్పును పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

పైథాన్‌లో 2001 నాటి పెప్ 8 మార్గదర్శకం మాడ్యూళ్లకు పొట్టి, పూర్తిగా చిన్నక్షరాల పేర్లు పెట్టమంటుంది. చదవడం సులువవుతుందంటే అండర్‌స్కోర్ వాడవచ్చు, ప్యాకేజీల పేర్లలో మాత్రం దాన్ని ప్రోత్సహించదు. ఇది సలహా. హైఫన్ సంగతి సలహా కాదు: వేరే ఫైల్‌ను పిలిచే ఇంపోర్ట్ వాక్యంలో హైఫన్‌ను తీసివేత గుర్తుగా చదువుతారు కాబట్టి, హైఫన్ ఉన్న ఫైల్‌ను మామూలు పద్ధతిలో ఇంపోర్ట్ చేయలేరు. పైథాన్ మరో మంచి పని చేసింది. పెప్ 235 తర్వాత, అక్షరభేదం చూడని ఫైల్ సిస్టమ్‌ల మీద కూడా పేరు అచ్చంగా సరిపోతేనే ఇంపోర్ట్ జరుగుతుంది. తప్పు సర్వరు దాకా వెళ్లకుండా ఇంట్లోనే దొరుకుతుంది.

జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ అలా చేయదు. పైగా, ఒకసారి లోడ్ చేసినవాటిని గుర్తుంచుకునే దాని పట్టికలో మాడ్యూల్ గుర్తింపు ఫైల్ దారి మీద ఆధారపడుతుంది కాబట్టి, మ్యాక్‌లో ఒకే ఫైల్‌ను ఒకచోట చిన్నక్షరాలతో, మరోచోట పెద్దక్షరాలతో పిలిస్తే నోడ్ దాన్ని రెండుసార్లు లోడ్ చేసి రెండు వేర్వేరు వస్తువులను ఇస్తుంది. ప్రోగ్రాము మొత్తానికి ఒక్కటే ఉండాలనుకున్న డేటాబేస్ కనెక్షన్ రెండవుతుంది, ఒకచోట మార్చిన అమరిక మరోచోట కనిపించదు. ఏ దోష సందేశమూ రాదు. ఈ వ్యాసంలోని చిక్కులన్నిటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

గో భాషలో ఫైల్ పేరులోని అండర్‌స్కోర్‌కు ప్రత్యేక అర్థాలున్నాయి. పేరు చివర _టెస్ట్ ఉంటే అది పరీక్షల ఫైల్. చివర _విండోస్ లేదా _లినక్స్ ఉంటే ఆ సిస్టమ్‌కు కంపైల్ చేసేటప్పుడు మాత్రమే లెక్కలోకి వస్తుంది. పేరే అండర్‌స్కోర్‌తో మొదలైతే గో దాన్ని వదిలేస్తుంది. తెర మీద కిటికీల అమరికకు సంబంధించిన కోడ్‌ను అమాయకంగా మెయిన్_విండోస్ అనే ఫైల్‌లో పెట్టినవారికి, లినక్స్‌లో ఆ కోడంతా మాయమైనట్లు కనిపిస్తుంది.

రూబీలో స్నేక్ కేస్ ఆనవాయితీ. రూబీతో వెబ్‌సైట్లు కట్టే రెయిల్స్ వాడేవారికి అది ఆనవాయితీని మించినది, ఎందుకంటే రెయిల్స్ 6తో వచ్చిన జైట్‌వర్క్ లోడర్ యూజర్_ప్రొఫైల్ ఫైల్‌లో పాస్కల్ కేస్‌లో ఉన్న యూజర్‌ప్రొఫైల్ క్లాస్‌నే వెతుకుతుంది. రస్ట్‌లో మాడ్యూల్ పేర్లు స్నేక్ కేస్‌లో లేకపోతే కంపైలర్ హెచ్చరిస్తుంది. డార్ట్ మార్గదర్శకాలు ఫైళ్లకు అండర్‌స్కోర్‌తో కూడిన చిన్నక్షరాలనే సూచిస్తాయి. సీషార్ప్, స్విఫ్ట్, కాట్లిన్ రాసేవారు ఫైల్‌లోని ప్రధాన రకం పేరునే పాస్కల్ కేస్‌లో ఫైల్‌కూ పెడతారు. వీటి దగ్గర ఎదురీదడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ సమాజంలోకి కొత్తగా వచ్చేవారు ఏ పేరును ఊహిస్తారో ఆ పేరే పెట్టండి.

నాలుగో అడుగు: స్వేచ్ఛ ఉన్నచోట ఒక్కటే ఎంచుకోండి

సీ, సీ ప్లస్ ప్లస్, జావాస్క్రిప్ట్, షెల్ స్క్రిప్టులు, స్టైల్ షీట్లు, అమరికల ఫైళ్లు వంటి వాటిలో భాష మౌనంగా ఉంటుంది, పెద్ద ప్రాజెక్టులు తలో దారి పడతాయి. గూగుల్ వారి సీ ప్లస్ ప్లస్, జావాస్క్రిప్ట్ మార్గదర్శకాలు రెండూ ఫైల్ పేర్లలో చిన్నక్షరాలే ఉండాలని, అండర్‌స్కోర్ లేదా హైఫన్ వాడవచ్చని అంటాయి. కంపైలర్లకు పునాది అయిన ఎల్‌ఎల్‌వీఎం ప్రాజెక్టులో అదే సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు పాస్కల్ కేస్‌లో ఉంటాయి. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ వాడేవారిలో చాలామంది కాంపొనెంట్ (తెర మీద ఒక భాగాన్ని చూపించే కోడ్) పేరునే పాస్కల్ కేస్‌లో ఫైల్‌కు పెడతారు. అదే పనికి వాడే యాంగ్యులర్ వారిది కబాబ్ కేస్. వ్యూ మార్గదర్శకం పాస్కల్ అయినా కబాబ్ అయినా సరే, ఏదో ఒకటే అన్నిచోట్లా ఉండాలంటుంది.

భాష అడ్డుచెప్పనిచోట నా మొగ్గు పూర్తిగా చిన్నక్షరాల వైపే. కారణం అందం కాదు. పెద్దక్షరాలు అసలే లేని పేర్లకు మొదటి అడుగులో చెప్పిన రెండు ప్రమాదాలూ తగలవు: రెండు పేర్లు అక్షరభేదం ఒక్కదానితో వేరు కాలేవు, పిలిచేటప్పుడు ఏది పెద్దదన్న సందేహం రాదు. మాటల మధ్య గుర్తుగా హైఫన్ మంచిదా, అండర్‌స్కోర్ మంచిదా అన్నది ఆ పేరు తర్వాత ఎక్కడ వాడబడుతుందో చూసి తేల్చాలి. పేరు వెబ్ చిరునామాగా మారేదైతే హైఫన్ నప్పుతుంది, ఎందుకంటే కింద గీత పడ్డ లంకెలో అండర్‌స్కోర్ కనిపించకుండా పోతుంది. పేరు ప్రోగ్రాములో గుర్తింపు పదంగా మారేదైతే అండర్‌స్కోర్ తప్పదు, చాలా భాషల్లో గుర్తింపు పదంలో హైఫన్ చెల్లదు. మరో చిన్న సౌలభ్యం కూడా ఉంది: చాలా ఎడిటర్లలో రెండుసార్లు క్లిక్ చేస్తే అండర్‌స్కోర్ ఉన్న పేరు మొత్తం ఎంపికవుతుంది, హైఫన్ దగ్గర మాత్రం ఎంపిక ఆగిపోతుంది.

రియాక్ట్ ప్రాజెక్టులో కాంపొనెంట్లకు పాస్కల్ కేస్, మిగిలినవాటికి కబాబ్ కేస్ అని మిశ్రమ నియమం పెట్టుకోవచ్చా అని అడుగుతారు. పెట్టుకోవచ్చు, కానీ ఏది కాంపొనెంటో ఏది కాదో ఫైల్ తెరవకుండానే తేలిపోవాలి. కాంపొనెంటూ, దానికి తోడ్పడే ఫంక్షన్లూ కలిసి ఉన్న ఫైల్‌కు ఏ శైలి వాడాలో ఇద్దరు వేర్వేరుగా చెబితే నియమం పరీక్షలో తప్పినట్లే. ఫోల్డర్ల వారీగా శైలిని విడగొడితే ఈ తగువు ఉండదు: కాంపొనెంట్ల ఫోల్డర్‌లో ఉన్నవన్నీ పాస్కల్, మిగిలినవన్నీ కబాబ్. ఫోల్డర్ల పేర్లు మాత్రం ఎక్కడైనా చిన్నక్షరాల్లోనే ఉంచండి; ఫోల్డర్ పేరు మార్చడం ఎంత తలనొప్పో చివరి అడుగులో చూస్తారు.

అయిదో అడుగు: సంక్షిప్త నామాలను వదిలేయకండి

శైలిని ఎంచుకున్నాక కూడా రెండు పేర్లు పుట్టే చోటు ఇదే. హెచ్‌టీఎంఎల్ పార్సర్ అనే క్లాస్‌ను పాస్కల్ కేస్‌లో రాయాలంటే హెచ్‌టీఎంఎల్‌లోని నాలుగు అక్షరాలూ పెద్దవా, మొదటిదొక్కటేనా? బ్రౌజర్లలో ఉన్న ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ అనే ప్రసిద్ధ పేరులో ఎక్స్ఎంఎల్ మొత్తం పెద్దక్షరాలు, హెచ్‌టీటీపీలో మొదటిది మాత్రమే పెద్దది. ఒకే పేరులో రెండు నియమాలు. అది ఇక మారదు, మనం మాత్రం ఆ దారిన పోనవసరం లేదు.

డాట్‌నెట్ మార్గదర్శకాలు రెండక్షరాల సంక్షిప్తాన్ని మొత్తంగా పెద్దక్షరాల్లో, మూడు లేదా అంతకు మించితే మొదటిదొక్కటే పెద్దదిగా రాయమంటాయి. గో సమాజం యూఆర్‌ఎల్, ఐడీ వంటివి అన్నీ పెద్దవిగానో అన్నీ చిన్నవిగానో ఉండాలంటుంది, అయితే అది గుర్తింపు పదాల సంగతి. ఫైళ్ల విషయంలో నేను సూచించేది ఒక్కటే: సంక్షిప్తాన్ని మామూలు మాటలా చూడండి. అప్పుడు పాస్కల్ కేస్‌లో మొదటి అక్షరమే పెద్దదవుతుంది. స్నేక్, కబాబ్ శైలుల్లోకి మార్చినా, తిరిగి వెనక్కి మార్చినా పేరు చెక్కుచెదరదు. హెచ్‌టీఎంఎల్‌లోని నాలుగూ పెద్దవిగా ఉంచి, దాని పక్కనే యూఆర్‌ఎల్‌ను కూడా అలాగే చేరిస్తే ఒక సంక్షిప్తం ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలైందో యంత్రం చెప్పలేదు. జైట్‌వర్క్ కూడా హెచ్‌టీఎంఎల్_పార్సర్ ఫైల్‌ను చూసి మొదటి అక్షరం మాత్రమే పెద్దదైన క్లాస్‌ను వెతుకుతుంది. మరోలా కావాలంటే ఆ సంక్షిప్తాన్ని విడిగా నమోదు చేయాలి.

అంకెల సంగతీ ఇలాంటిదే. వీ2, యూటీఎఫ్8 వంటివాటికి ముందు, వెనుక గుర్తు వస్తుందా రాదా అన్నది ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి. పరీక్షల ఫైళ్లకు పెట్టే తోక కూడా అంతే: పైటెస్ట్ తనంతట తాను గుర్తుపట్టేది టెస్ట్_ తో మొదలయ్యే లేదా _టెస్ట్ తో ముగిసే పైథాన్ ఫైళ్లను, అదీ చిన్నక్షరాల్లో.

ఆరో అడుగు: మినహాయింపులకు హద్దు గీయండి

రీడ్‌మీ, లైసెన్స్ ఫైళ్లు పూర్తిగా పెద్దక్షరాల్లో ఉండటం పాత యూనిక్స్ అలవాటు. ఆస్కీ వరుసలో పెద్దక్షరాలు ముందు వస్తాయి కాబట్టి, సంఖ్యల క్రమంలో పేర్చిన జాబితాలో ఇవి పైకి తేలి కంటపడేవి. ప్రోగ్రాములను కట్టే గ్నూ మేక్ ఆదేశం జీఎన్‌యూమేక్‌ఫైల్, చిన్న ఎమ్ తో మేక్‌ఫైల్, పెద్ద ఎమ్ తో మేక్‌ఫైల్ అనే మూడింటిని ఈ వరుసలోనే వెతుకుతుంది. దాని మాన్యువల్ మాత్రం జాబితాలో రీడ్‌మీకి దగ్గరగా ముందు కనిపిస్తుందన్న కారణంతో పెద్ద ఎమ్ ఉన్న పేరునే సిఫారసు చేస్తుంది. ఇటువంటి పేర్లను పరికరాలే నిర్దేశిస్తాయి కాబట్టి వాటిని నియమంలో పేరుపేరునా మినహాయించండి. "అవసరమైనచోట మినహాయింపు ఉంటుంది" అని గాలికి రాస్తే ఆరు నెలల్లో ప్రతి ఫైలూ మినహాయింపే అవుతుంది.

ఎక్స్‌టెన్షన్లలోనూ అక్షరభేదం పనిచేస్తుందని చాలామందికి తట్టదు. జీసీసీ కంపైలర్ చిన్న సి ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైల్‌ను సీ భాషగా, పెద్ద సి ఉన్నదాన్ని సీ ప్లస్ ప్లస్‌గా చదువుతుంది. అసెంబ్లీ ఫైళ్లలో పెద్ద ఎస్ ఉంటే ముందు ప్రీప్రాసెసర్ (కోడ్‌ను కంపైల్‌కు ముందు సిద్ధం చేసే భాగం) గుండా పంపుతుంది, చిన్న ఎస్ ఉంటే పంపదు. అసెంబ్లీలో ఇది వాడుకలో ఉన్న పద్ధతి, అలాగే ఉంచాలి. సీ ప్లస్ ప్లస్‌కు మాత్రం పెద్ద సి వాడకండి. సీసీ, సీపీపీ వంటి ఎక్స్‌టెన్షన్లు ఉండగా ఆ ఒక్క బిట్ మీద భాషనే ఆధారపరచడం అనవసరపు సాహసం.

ఇతర ఫైళ్లలోకి చేర్చుకునే హెడర్ ఫైళ్ల ఎక్స్‌టెన్షన్‌తో పని లేకుండానే మరో తప్పు దొర్లుతుంది. విండోస్ హెడర్‌ను పెద్ద డబ్ల్యూతో చేర్చిన కోడ్ విండోస్‌లో కంపైల్ అవుతుంది. అదే కోడ్‌ను లినక్స్ నుంచి, విండోస్ ప్రోగ్రాములు తయారుచేసే మింగ్‌డబ్ల్యూ ద్వారా కంపైల్ చేస్తే, అక్కడ ఆ హెడర్ పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది కాబట్టి దొరకదు. ఇక కాన్, ప్రన్, ఆక్స్, నల్ వంటి పేర్లు విండోస్‌లో ఏ అక్షరాల్లో రాసినా, సాధారణంగా ఏ ఎక్స్‌టెన్షన్ తగిలించినా చిక్కే తెస్తాయి. అవి పాత డాస్ పరికరాలకు కేటాయించిన పేర్లు.

ఏడో అడుగు: నియమాన్ని యంత్రానికి అప్పగించండి

నియమం రాసి ఊరుకుంటే అది రాసినవారికే గుర్తుంటుంది. అర పేజీకి మించని నియమాన్ని రిపాజిటరీలోనే ఉంచి, దాన్ని పాటించేలా చూసే పనిని పరికరాలకు ఇవ్వండి. టైప్‌స్క్రిప్ట్‌లో ఫోర్స్‌కన్సిస్టెంట్‌కేసింగ్‌ఇన్‌ఫైల్‌నేమ్స్ అనే అమరిక ఒకే ఫైల్‌ను రెండు రకాలుగా పిలిస్తే దోషం చూపిస్తుంది. 2023లో వచ్చిన 5.0 నుంచి అది దానంతట అదే అమలులో ఉంటుంది, పాత ప్రాజెక్టుల్లో ఎవరైనా దాన్ని ఆపి ఉంచారేమో చూడండి. జావాస్క్రిప్ట్ కోడ్‌ను తనిఖీ చేసే ఈఎస్‌లింట్‌కు ఉన్న యూనికార్న్ ప్లగిన్‌లో ఫైల్‌నేమ్-కేస్ అనే నియమానికి మీ శైలి ఏదో చెబితే చాలు. సీ, సీ ప్లస్ ప్లస్ వారికి క్లాంగ్ కంపైలర్, హెడర్ పేరు డిస్కు మీద ఉన్న పేరుతో అచ్చంగా సరిపోకపోతే హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికను దోషంగా మార్చుకోండి.

ఢీకొనే పేర్లను పట్టుకోవడానికి మార్పును గిట్‌లో నమోదు చేసే (కమిట్ చేసే) ముందు నడిచే ప్రీ-కమిట్ పరికరాల సంపుటిలో చెక్-కేస్-కాన్‌ఫ్లిక్ట్ ఉంది. అది లేకున్నా చిన్న స్క్రిప్టు చాలు: గిట్‌లో ఉన్న ఫైళ్ల జాబితా తీయండి, అంతటినీ చిన్నక్షరాల్లోకి మార్చండి, వరుసలో పేర్చండి, రెండుసార్లు వచ్చినవాటిని చూపించమనండి. ఇందులో ఒక లొసుగు ఉంది. పెద్ద సి తో ఒక కాంపొనెంట్స్ ఫోల్డర్, చిన్న సి తో మరొకటి ఉండి, రెండింటిలోనూ వేర్వేరు ఫైళ్లు ఉంటే పూర్తి దారులు ఎక్కడా కలవవు, కాబట్టి ఈ స్క్రిప్టు ఏమీ చెప్పదు. అందుకే దారిలోని ప్రతి ఫోల్డర్‌నూ విడిగా జాబితాలో చేర్చి పోల్చాలి. అక్షరాలు మార్చే ఫంక్షన్ యంత్రం భాషా అమరికను అనుసరించకుండా చూడటమూ ముఖ్యం. టర్కిష్ అమరికలో పెద్ద ఐ ని చిన్నది చేస్తే చుక్క లేని ఐ వస్తుంది, పోలిక తప్పుతుంది.

ఈ పరీక్షలన్నీ, కోడ్‌ను కట్టి పరీక్షించే బిల్డ్ సర్వరు మీద ప్రతి మార్పుకూ నడవాలి. బిల్డ్ సర్వరు లినక్స్ అయితే పొంతన లేని పిలుపులు అక్కడే దొరుకుతాయి, ఢీకొనే పేర్లు దొరకవు. మ్యాక్ అయితే దీనికి తలకిందులు. ఒక్క సర్వరే ఉన్నవారికి నా సలహా, లినక్స్‌ను ఉంచుకుని ఢీకొనే పేర్లను స్క్రిప్టుకు వదిలేయడం. మ్యాక్ వాడేవారు అక్షరభేదం పాటించే ఏపీఎఫ్‌ఎస్ భాగాన్ని విడిగా సృష్టించుకుని ప్రాజెక్టును అందులో పెట్టుకుంటే తప్పు ఇంకా ముందే తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: పాత పేర్లను జాగ్రత్తగా మార్చండి

ఇక్కడ గిట్‌ను అర్థం చేసుకోకుండా ముందుకు పోకూడదు. గిట్ తన లోపల పేర్లను అక్షరభేదంతోనే దాచుకుంటుంది. రిపాజిటరీని సృష్టించేటప్పుడు గానీ దించుకునేటప్పుడు గానీ కింద ఉన్న ఫైల్ సిస్టమ్‌ను పరీక్షించి, అది తేడా చూడనిదైతే కోర్.ఇగ్నోర్‌కేస్ అనే అమరికను తనే నిజం చేసుకుంటుంది. అప్పటి నుంచి, మీరు ఫైల్ మేనేజర్‌లో పేరులోని చిన్నక్షరాన్ని పెద్దది చేసినా గిట్‌కు అది మార్పుగా కనిపించదు. స్థితి అడిగితే "మార్పులేమీ లేవు" అంటుంది. మీ డిస్కు మీద కొత్త పేరు, అందరి దగ్గరా పాత పేరు ఉంటాయి. దీనికి విరుగుడుగా ఆ అమరికను అబద్ధం చేయమని చెప్పేవారున్నారు. చేయకండి. ఫైల్ సిస్టమ్ తేడా చూడదు, గిట్ చూస్తాననుకుంటుంది. ఫలితంగా ఒకే ఫైల్ రెండు పేర్లతో రిపాజిటరీలోకి చేరిపోతుంది.

సరైన పద్ధతి గిట్ ఎమ్‌వీ ఆదేశంతో మార్చడం. ఫైళ్ల విషయంలో ఇప్పటి గిట్ అక్షరభేదం మాత్రమే ఉన్న మార్పును నేరుగా అంగీకరిస్తుంది. ఫోల్డర్ల దగ్గర మొరాయించవచ్చు కాబట్టి రెండు అంచెల్లో చేయడం క్షేమం: ముందు ఫోల్డర్‌ను పూర్తిగా వేరే తాత్కాలిక పేరుకు, అక్కడి నుంచి కావలసిన పేరుకు మార్చి, రెండింటినీ కలిపి ఒకే కమిట్ చేయండి.

పేర్ల మార్పులో కోడ్ సంస్కరణను కలపకండి. గిట్ పేరు మార్పును విడిగా నమోదు చేయదు, పాత ఫైలూ కొత్త ఫైలూ ఎంత పోలి ఉన్నాయో చూసి ఊహిస్తుంది. మామూలుగా 50 శాతం పోలిక ఉంటేనే పేరు మారిందని గుర్తిస్తుంది. కాబట్టి ఆ కమిట్‌లో పేర్లూ, వాటిని పిలిచే ఇంపోర్ట్ వాక్యాలూ తప్ప మరేమీ మారకూడదు. అప్పుడే ఫైల్ చరిత్రను ఫాలో ఎంపికతో అడిగినప్పుడు పేరు మార్పును దాటి వెనక్కి వెళ్లగలరు.

ఇంపోర్ట్ వాక్యాలను ఎడిటర్ మారుస్తుంది, మిగిలినవి మీరే వెతకాలి. బిల్డ్ స్క్రిప్టుల్లో, డాకర్‌ఫైల్‌లోని కాపీ వరుసల్లో, పరీక్షల్లో కొటేషన్ గుర్తుల మధ్య పాఠంగా రాసిన దారుల్లో, సమీక్షకులను పేర్కొనే కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో, గిట్‌ఇగ్నోర్‌లో పాత పేర్లు మిగిలిపోతాయి. పాత పేరును అక్షరభేదంతో ప్రాజెక్టు మొత్తం వెతకండి. చాలా ఎడిటర్లలో వెతుకులాట మామూలుగా అక్షరభేదం చూడదు, ఆ మీట నొక్కి ఉందో లేదో చూసుకోండి. ఈ పని సగం చేసి ఆపే ఫోల్డర్ ఏదీ లేకుండా, ఒక్కో ఫోల్డర్‌ను పూర్తిగా ముగించి ఇంకోదానికి వెళ్లండి. ఇతరులు వాడుకునే లైబ్రరీ అయితే మీ ఫైల్ దారులు వారి కోడ్‌లో ఉంటాయి కాబట్టి, పాత పేరుతో కొత్తదాన్ని పిలిచే చిన్న ఫైల్ ఒకటి కొంతకాలం ఉంచాలి. అయితే కొత్త పేరుకూ పాత పేరుకూ అక్షరభేదం మాత్రమే తేడా అయినప్పుడు ఆ సదుపాయం లేదు, రెండూ పక్కపక్కన ఉండలేవు. దాన్ని పాత వాడుకను భంగపరిచే మార్పుగా ప్రకటించి తర్వాతి ప్రధాన విడుదలకు వాయిదా వేయండి.

సమయం కూడా చూసుకోవాలి. తెరిచి ఉన్న బ్రాంచులు (విడిగా సాగుతున్న మార్పుల పాయలు) తక్కువగా ఉన్న రోజున విలీనం చేసి, ఆ కమిట్ గురించి జట్టుకు ముందే చెప్పండి. విలీనమయ్యాక మ్యాక్‌లో, విండోస్‌లో మార్పును లాగినవారి డిస్కు మీద ఫోల్డర్ పాత పేరుతోనే మిగిలిపోవచ్చు, ముఖ్యంగా దానిలో గిట్ లెక్కలోకి రాని తాత్కాలిక ఫైళ్లు ఉన్నప్పుడు. గిట్ ఆ ఫోల్డర్‌ను తొలగించలేక, కొత్త ఫైళ్లను అందులోనే రాసేస్తుంది. పైకి అంతా సవ్యంగా కనిపించే ఆ యంత్రం మీద తర్వాత ఎవరో కొత్త ఫైల్ చేర్చినప్పుడు పాత పేరు మళ్లీ రిపాజిటరీలోకి వచ్చే అవకాశం ఉంది. కమిట్ చేయని మార్పులు, ఇంకా పంపని కమిట్లు ఏవీ లేవని చూసుకున్నాక, పాత నకలును తొలగించి రిపాజిటరీని కొత్తగా దించుకోమని వారికి చెప్పండి.